యోవాబుకు రాసిన ఉత్తరం

2018 సెప్టెంబరు 14, శుక్రవారం. ముందు రోజే వినాయక చవితి. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మిర్యాలగూడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి నుంచి ముగ్గురు బయటికి వస్తున్నారు. ఐదో నెల గర్భిణి, ఆమె భర్త, అత్తగారు. డాక్టరు చూడటం అయిపోయింది. గేటు దగ్గరికి వచ్చేశారు. వాళ్ల వెనకే ఇంకొకడు వస్తున్నాడు. వాడి చేతిలో కత్తి ఉంది. ముగ్గురిలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

వేటు మెడ మీద పడింది. అతను అక్కడికక్కడే కూలిపోయాడు. ఆ అమ్మాయి సాయం కోసం ఆస్పత్రి లోపలికి పరుగెత్తింది. నరికినవాడు పారిపోయాడు. ఇదంతా జరగడానికి కొన్ని క్షణాలే పట్టింది. గేటు దగ్గరి సీసీ కెమెరాలో మొత్తం రికార్డయింది. సాయంత్రానికల్లా ఆ దృశ్యం టీవీల్లో, ఫోన్లలో తిరిగింది.

చనిపోయినవాడు పెరుమాళ్ల ప్రణయ్. పాతికేళ్లు నిండలేదు. దళిత క్రైస్తవ కుటుంబం. భార్యది అదే ఊళ్లో వ్యాపారం చేసే వైశ్య కుటుంబం. బడిలో చదువుకునే రోజుల నుంచి ఒకరికొకరు తెలుసు. ఆమె పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఇన్నేళ్లూ ఆ పేరు పట్టుకుని అనరాని మాటలు అన్నవాళ్లకూ లెక్క లేదు. అందుకే ఇక్కడ ఆ పేరు రాయడం లేదు.

ఈ కథ ఆస్పత్రి గేటు దగ్గర మొదలు కాలేదు. 2018 జనవరి 30న హైదరాబాద్‌లో, ఆర్యసమాజ్‌లో ఆ ఇద్దరి పెళ్లి జరిగింది. ప్రాణభయం ఉందని పోలీసు పెద్దలను కలిశారు. తర్వాత సొంత ఊరికే వచ్చి ప్రణయ్ తల్లిదండ్రుల ఇంట్లో కాపురం పెట్టారు. ఆగస్టులో రిసెప్షన్ కూడా చేసుకున్నారు. దాక్కుని బతకకూడదన్నది వాళ్లు ఎంచుకున్న దారి. దాని వెల ఎంత ఉంటుందో వాళ్లకు పూర్తిగా తెలియదనుకుంటాను. తెలిసినా ఆ దారే పట్టేవాళ్లేమో.

అదే ఊళ్లో ఆమె తండ్రి మారుతీరావు ఇంకో దారి ఎంచుకున్నాడు. రియల్ ఎస్టేట్ వ్యాపారి, డబ్బున్నవాడు. ఒక్కతే బిడ్డ. పోలీసులు తర్వాత చెప్పిన ప్రకారం కోటి రూపాయలకు బేరం కుదిరింది, అడ్వాన్సు చేతులు మారింది. రెక్కీలు జరిగాయి, ఓసారి ప్రయత్నించి వెనక్కి తగ్గారు. చివరికి కత్తి పట్టినవాడు బిహార్ మనిషి. చంపించిన వాడికీ చంపిన వాడికీ మధ్య ఎందరో ఉన్నారు. డబ్బు తీసుకున్నవాళ్లు, మనిషిని చూపించినవాళ్లు, బండి నడిపినవాళ్లు.

జనవరి నెలాఖరు నుంచి సెప్టెంబరు నడిమి దాకా ఏడున్నర నెలలు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ ఏడున్నర నెలలే. ఆవేశంలో చెయ్యి జారిందని చెప్పుకోవడానికి వీలు లేని కాలం అది. అందులో ఎన్ని రాత్రులు, ఎన్ని పొద్దులు గడిచాయో. బిడ్డ కడుపుతో ఉందన్న కబురూ ఆ నెలల్లోనే వచ్చింది. ఏ రోజైనా ఒక్క ఫోన్ చేసి వద్దని చెబితే సరిపోయేది.

బైబిల్లో అచ్చం ఇలాంటి కథ ఒకటి ఉంది. మన క్రైస్తవ సంఘాల్లో దాన్ని ఎక్కువగా బత్షెబ పేరు మీద చెబుతారు. నాకు మాత్రం అది ఉత్తరం కథ. దావీదు రాజు యుద్ధానికి వెళ్లకుండా మిద్దె మీద పచార్లు చేస్తూ, పరాయివాడి భార్య బత్షెబను చూసి, పిలిపించుకున్నాడు. ఆమె గర్భవతి అయింది. భర్త ఊరియా సైన్యంలో నమ్మకమైన మనిషి. తప్పు కప్పిపుచ్చుకోవడానికి దావీదు అతన్ని యుద్ధం నుంచి పిలిపించి ఇంటికి పొమ్మన్నాడు. తోటి సైనికులు బయట గుడారాల్లో పడుకుంటుంటే తాను ఇంటికెలా వెళ్తానని అతను రాజు గుమ్మం ముందే పడుకున్నాడు. అప్పుడు దావీదు సేనాధిపతి యోవాబుకు ఉత్తరం రాశాడు. ఊరియాను పోరు ఉధృతంగా ఉన్న చోట ముందు నిలబెట్టి, మీరు వెనక్కి తగ్గండి అని. ఆ ఉత్తరం పట్టుకెళ్లింది ఊరియానే. తన చావు కబురు తన చేతుల్లోనే మోసుకెళ్లాడు, విప్పి చూడలేదు.

దావీదు కత్తి పట్టలేదు. ఊరియాను ఎవరు చంపారంటే శత్రువులు చంపారనే చెప్పుకోవచ్చు. మధ్యలో యోవాబు ఉన్నాడు, కోటగోడ మీద విలుకాళ్లు ఉన్నారు. సుపారీ అంటే ఇదే కదా. డబ్బున్నవాడికీ అధికారం ఉన్నవాడికీ తన చేతికి రక్తం అంటకుండా చంపించే వెసులుబాటు ఉంటుంది. నాతాను ప్రవక్త వచ్చి ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. బోలెడన్ని గొర్రెలున్న ధనికుడు ఆ ఒక్కదాన్నీ లాక్కుని కోయించాడని. దావీదు మండిపడి వాడు చావదగినవాడన్నాడు. ఆ మనిషివి నువ్వేనన్నాడు నాతాను.

దావీదు ఇక దాచలేదు, తప్పు ఒప్పుకున్నాడు. దేవుడు క్షమించాడని నాతాను చెప్పాడు. అంతకు ముందే ఇంకో మాట కూడా చెప్పాడు. నీ ఇంటిని కత్తి విడవదని. పుట్టిన బిడ్డ చనిపోయాడు. తర్వాత కొడుకులే ఒకరినొకరు చంపుకున్నారు. తిరగబడిన అబ్షాలోము చచ్చాడన్న వార్త విని, ఆ ముసలి తండ్రి గుమ్మం మీది గదిలోకి వెళ్లి కొడుకు పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు. క్షమ దొరికింది, చేసినదాని ఫలితం మాత్రం ఆగలేదు. ఈ రెండూ ఒకే అధ్యాయంలో పక్కపక్కనే ఉంటాయి. మన ప్రసంగాల్లో మొదటిది గట్టిగా వినిపిస్తుంది, రెండోది ఎక్కడో జారిపోతుంది.

మిర్యాలగూడకు తిరిగి వద్దాం. సెప్టెంబరు 16 ఆదివారం నాడు వేలమంది వెంట నడవగా ప్రణయ్‌ను సమాధి చేశారు. నాలుగు రోజుల్లోనే పోలీసులు మారుతీరావునూ మిగతావారినీ అరెస్టు చేశారు. అదే సమయంలో ఇంకో గొంతు కూడా లేచింది. కన్నతండ్రి బాధ మీకేం తెలుసు అంటూ హంతకులను వెనకేసుకొచ్చిన గొంతు. అరచేతిలో పెంచుకున్న బిడ్డ వెళ్లిపోతే తండ్రి గుండె మండుతుంది, నిజమే. నేనూ దాన్ని కాదనను. కానీ ఆ మంట ఆర్పుకోవడానికి పక్కింటి కొడుకు నెత్తురు కావాలనడం ఏ తండ్రి ప్రేమ?

2019 జనవరిలో ప్రణయ్‌కు బాబు పుట్టాడు. తండ్రి వాడిని ఎత్తుకోలేదు. ఆ ఏడాది జూన్‌లో పోలీసులు దాదాపు 1,600 పేజీల ఛార్జిషీటు వేశారు. బెయిల్ మీద బయటికొచ్చిన మారుతీరావును, సాక్ష్యం చెప్పొద్దని కూతురి మీద ఒత్తిడి తెచ్చాడన్న ఫిర్యాదుతో నవంబరులో మళ్లీ అరెస్టు చేశారు. 2020 మార్చిలో హైదరాబాద్ ఖైరతాబాద్‌లోని ఆర్యవైశ్య భవన్ గదిలో అతను చనిపోయి కనిపించాడు. ఆత్మహత్య అని పోలీసులు చెప్పారు. ఆ వార్త విన్న రోజు ఏ క్రైస్తవుడైనా సంబరపడి ఉంటే, వాడు తన ప్రభువును ఎరగడు. అది ఇంకో ఇంటి ఏడుపు. ఆ ఇంట్లోనూ ఒక తల్లి ఒంటరిదైంది. అయినా ఒక మాట అనాల్సిందే. జడ్జి ముందు నిలబడి అవును, నేనే చేశాను, నన్ను క్షమించండి అని ప్రణయ్ తల్లిదండ్రుల ముఖం చూసి చెప్పే అవకాశం అతనికి ఉండింది. దావీదు వాడుకున్న అవకాశం అది. ఇక్కడ ఆ చోటు ఖాళీగానే మిగిలిపోయింది.

2025 మార్చి 10, సోమవారం. భస్మ బుధవారం గడిచి ఐదు రోజులు. నల్లగొండలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. కత్తి పట్టిన సుభాష్ కుమార్ శర్మకు మరణశిక్ష, మిగిలిన ఆరుగురికి యావజ్జీవం. ఆ ఆరుగురిలో మారుతీరావు తమ్ముడు ఉన్నాడు, కారు డ్రైవరు ఉన్నాడు, ఆటో నడిపినవాడు ఉన్నాడు. మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరిస్తేనే అమలవుతుంది. ఆరున్నరేళ్లు ఆ కుటుంబం కోర్టు వాయిదాలకు తిరిగింది. రాజీపడలేదు. తీర్పు తర్వాత ప్రణయ్ తండ్రి కన్నీళ్లతో మాట్లాడారు.  నాకు కొడుకు లేకుండా పోయాడు, కోడలికి భర్త లేడు, మనవడికి తండ్రి లేడు, ఇలాంటివి ఆగాలి అన్న అర్థంలో చెప్పారు. తర్వాత కుటుంబసభ్యులు సమాధి దగ్గరికి వెళ్లారు.

ఇక్కడే మన సంఘాల్లో చాలామంది ఒక ప్రశ్న అడుగుతారు. క్రైస్తవులు కదా, క్షమించాలి కదా, కేసు అంత దూరం తీసుకుపోవాలా అని. ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది, దాచుకోను. క్షమ బాధితుడి గుండెలో పుట్టాల్సింది. దాన్ని బయటి నుంచి వసూలు చేసే హక్కు పాస్టరుకు లేదు, బంధువుకు లేదు, ఊరి పెద్దకు అసలే లేదు. పైగా క్షమించడానికీ కేసు వదిలేయడానికీ సంబంధమే లేదు. యేసు పక్కన సిలువ మీద వేలాడిన ఇద్దరు దొంగల్లో ఒకడు, మనకు పడిన శిక్ష న్యాయమైందేనని తోటివాడితో అన్నాడు. తర్వాతే తనను జ్ఞాపకం చేసుకోమని యేసును అడిగాడు. ఆ రోజే పరదైసులో ఉంటావని యేసు మాట ఇచ్చాడు. మాట ఇచ్చాడు గానీ సిలువ మీంచి దింపలేదు. కాసేపటికి సైనికులు వచ్చి వాడి కాళ్లు విరగ్గొట్టారు. క్షమాపణ పొందిన మనిషే ఆ కాళ్లు విరగడమూ అనుభవించాడు.

ఉరిశిక్ష మీద నా మనసు ఒప్పదు. ఒక ప్రాణం తీసినందుకు ఇంకో ప్రాణం తీయడం సిలువను నమ్మేవాళ్లు కోరుకోవాల్సిన ముగింపు కాదని నా నమ్మకం. కానీ యావజ్జీవం పడిన ఆరుగురికీ, వాళ్లు ఏ మతం వాళ్లయినా, నేను కోరుకునేది ఒకటుంది. జైలు గోడల మధ్య ఇక అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. ఎవరు ఏం చేశారో, ఎంత తీసుకున్నారో, ఎప్పుడు వద్దనుకుని ఎందుకు ఆగలేదో నోరు తెరిచి చెప్పగలిగితే ప్రణయ్ తల్లికి దక్కాల్సిన నిజం దక్కుతుంది. సువార్తలో జక్కయ్య అన్యాయంగా తీసుకున్న సొమ్ముకు నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ప్రాణం తిరిగి ఇవ్వలేరు, నిజం ఇవ్వగలరు.

తప్పంతా అవతలి ఇంట్లోనే ఉందనుకోకూడదు. నల్లగొండలో 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైటు మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ బాప్టిస్టు మిషన్ తరఫున పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత సూర్యాపేటలోనూ మిషన్ వెలిసింది. వాళ్ల మాట విని బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల మనుషులు. దేవుడి ముందు అందరూ సమానమన్న ఒక్క మాట కోసం వాళ్లు దొరల కోపాన్ని తట్టుకున్నారు. వాళ్ల మనవలం మనం ఇప్పుడు ఏం చేస్తున్నాం? పెళ్లి సంబంధాల ప్రకటనల్లో క్రిస్టియన్ అని రాసి, పక్కనే కులం కూడా రాస్తున్నాం. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు అని విడివిడిగా కూర్చుంటున్నాం. ఒకే గిన్నెలో రొట్టె, ద్రాక్షారసం తీసుకున్న రెండిళ్లు కూడా పిల్లల పెళ్లి మాట వచ్చేసరికి ముఖం తిప్పుకుంటాయి. ప్రణయ్ కోసం కొవ్వొత్తులు పట్టుకున్న చేతులతోనే ఇంట్లో కూతురి ఫోన్ లాక్కుంటున్నాం. ఆ ఉత్తరం రాసే కాగితం మన ఇళ్లలోనూ ఉంది.

మిర్యాలగూడ తీర్పుకు సరిగ్గా ఆరు వారాల ముందు, 2025 జనవరి చివర్లో, సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి వద్ద ఓ దళిత యువకుడి శవం దొరికింది. కొన్ని నెలల కిందటే కులం దాటి పెళ్లి చేసుకున్నాడు. భార్య తరఫు బంధువులను పోలీసులు అరెస్టు చేశారు. నిజం కోర్టు తేల్చాలి. అతని భార్యకూ మిర్యాలగూడ అమ్మాయికి జరిగినట్టే ఒక్క రోజులో బతుకు తలకిందులైంది.

ప్రణయ్ పెళ్లయిన రెండు నెలలకు, 2018 మార్చి 27న, సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో తీర్పిచ్చింది. ఇద్దరు మేజర్లు ఇష్టపడి పెళ్లి చేసుకుంటే అడ్డుపడే హక్కు కుటుంబానికీ కులానికీ లేదంది. ప్రాణభయం ఉన్న జంటలకు జిల్లాకో ప్రత్యేక విభాగం, ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ ఉండాలని ఆదేశించింది, రక్షణ గృహాల ఏర్పాటును పరిశీలించమంది. ఈ తీర్పు పాస్టర్లలో ఎంతమందికి తెలుసు? మీ దగ్గరికి అలాంటి జంట వస్తే ప్రార్థన చేసి పంపేయకండి. రాతపూర్వకంగా దరఖాస్తు రాయించి, ఎస్పీ ఆఫీసుకు వెంట వెళ్లండి. రసీదు తీసుకోండి. వాళ్లు ఎక్కడ ఉంటారో, ఆ ఇంటికి రాత్రిపూట ఎవరు తోడుంటారో సంఘమే చూసుకోవాలి.

ఇంకో ఇంటికి కూడా వెళ్లాలి. బిడ్డ వెళ్లిపోయి, అన్నం ముట్టకుండా, ఎవరితో మాట్లాడకుండా కూర్చున్న తండ్రి ఇంటికి. అతను క్రైస్తవుడు కాకపోవచ్చు. తలుపు తీయకపోవచ్చు. తిట్టి పంపవచ్చు. మళ్లీ వెళ్లాలి. మారుతీరావు బేరాలు కుదుర్చుకున్న ఆ ఏడున్నర నెలల్లో అతని ఎదుట కూర్చుని ఆ మనిషివి నువ్వేనని చెప్పేవాడు ఒక్కడు దొరికి ఉంటే ఏం జరిగేదో మనకు తెలియదు. మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ దాకా, అటు సూర్యాపేట దాకా చర్చిలకు కొదవ లేదు. ఇలా కోపంతో రగులుతున్న ఇల్లు ఏదో ఆ సంఘాల పెద్దలకు పోలీసుల కంటే ముందే తెలుస్తుంది. ఈ వారమే వెళ్లండి.