ఒకే ఇల్లు, నాలుగు చట్టాలు

పాత ఢిల్లీలో హవేలీ కొని బాగు చేయించుకోవాలనుకునేవారు గోడల బీటల కంటే ముందు దస్తావేజులు చూడాలి. షాజహానాబాద్ ఇళ్ళ మీద రాజ్యం గత నూట అరవై ఏళ్ళకు పైగా పదే పదే చెయ్యి వేస్తూ వచ్చింది. ప్రతిసారీ ఒక కొత్త హక్కుదారు పుట్టుకొచ్చాడు, పాత చిక్కుముడి మాత్రం అలాగే మిగిలింది. వీటన్నిటి తరువాత వచ్చిన వారసత్వ రక్షణ చట్టమూ ఆ ముడులను విప్పకుండా వాటిమీద మరొకటి వేసింది.

మొదటి ముడి 1857ది. తిరుగుబాటును అణచివేసిన ఆంగ్లేయులు నగరవాసులను వెళ్ళగొట్టారు. ముస్లింలు తిరిగి రావడానికి మిగతావారికంటే ఎక్కువ కాలం ఎదురుచూడవలసి వచ్చింది. ఎర్రకోట చుట్టూ ఉన్న పేటలను నేలమట్టం చేశారు, జప్తు చేసిన ఆస్తులను వేలం వేశారు. వర్తకుడు లాలా చున్నామల్ ఫతేపురి మసీదునే 19,000 రూపాయలకు కొన్నాడు. దానిని ప్రభుత్వం 1877లో తిరిగి తీసుకుని ముస్లింలకు అప్పగించింది. అమీర్ల ఇళ్ళు షావుకార్ల చేతుల్లోకి వెళ్ళిన కాలమది.

రెండోది 1947. పాకిస్థాన్ వెళ్ళినవారి ఇళ్ళు కాందిశీక ఆస్తులుగా కస్టోడియన్ అధీనంలోకి వచ్చాయి. పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు వాటిలో తలదాచుకున్నాయి. ఒక్క కుటుంబం కోసం కట్టిన చావడిని పది వంటిళ్ళు పంచుకున్నాయి. తలదాచుకోవడం వారి హక్కు, ఆశ్రయమివ్వడం రాజ్యం బాధ్యత. అయితే ఆ పంపకాల కాగితాలే నేటికీ కోర్టుల్లో నలుగుతున్నాయి.

మూడో ముడి అన్నిటికంటే గట్టిది. 1956 నాటి మురికివాడల చట్టం కింద కోటగోడల లోపలి నగరాన్ని మురికివాడగా ప్రకటించారు. ఆ చట్టం ప్రకారం అధికారి అనుమతి లేకుండా కిరాయిదారును ఖాళీ చేయించడం కుదరదు. 1958 నాటి అద్దె నియంత్రణ చట్టం అద్దెలకు కళ్ళెం వేసింది. విభజన గాయం ఆరని నగరంలో ఆ రక్షణ అవసరమే. కానీ దశాబ్దాలు గడిచినా సవరించని అద్దె ఇంటి కప్పును కూడా కాపాడలేకపోయింది. నెలకు పదుల రూపాయలు వచ్చే ఇంటికి యజమాని సున్నం వేయించడు, తనది కాని గోడకు కిరాయిదారు ఖర్చు పెట్టడు. పార్లమెంటు 1995లో కొత్త అద్దె చట్టం చేసింది, రాష్ట్రపతి ఆమోదమూ లభించింది. వ్యాపారుల నిరసనకు జంకి ఏ ప్రభుత్వమూ దానిని అమలులోకి తేలేదు.

ఇక నాలుగోది. ఢిల్లీ భవన నిబంధనలలో 2004లో వారసత్వ కట్టడాల నిబంధనను చేర్చారు. 2010లో మునిసిపల్ కార్పొరేషన్ పరిధిలోని 760కి పైగా కట్టడాలను జాబితాలో ప్రకటించారు. జాబితాకెక్కిన ఇంటిని కూల్చాలన్నా, రూపం మార్చాలన్నా కమిటీ అనుమతి తప్పనిసరి. మరమ్మతుల భారం మాత్రం యజమానిదేనని, ప్రైవేటు కట్టడాల విషయంలో ప్రభుత్వానికి బాధ్యత లేదని ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఆ విధంగా ఒకే ఇల్లు ఒక చట్టం దృష్టిలో మురికివాడ, మరొక చట్టం దృష్టిలో జాతి సంపద.

మరమ్మతు చిన్న పని కాదు. ఈ గోడలు పలచని లఖోరీ ఇటుకతో, సున్నం, సుర్ఖీ కలిపిన గారతో కట్టినవి. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు అరుదు, వారి కూలీ ఎక్కువ. 1887లో కట్టిన ధరంపురా హవేలీని కేంద్ర మాజీ మంత్రి విజయ్ గోయెల్ కుటుంబం కొని, ఏళ్ళ తరబడి శ్రమించి పునరుద్ధరించింది. దానికి 2017లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారాలలో గౌరవ ప్రస్తావన లభించింది. అభినందించవలసిన పనే. అయితే నేడది హోటలు. పలుకుబడి, పెట్టుబడి, వ్యాపార ఆదాయం మూడూ కలిసివస్తేనే హవేలీ నిలుస్తుందంటే, ఆ మూడూ లేని వందల ఇళ్ళ సంగతేమిటి? నెహ్రూ, కమల వివాహంతో ముడిపడిన సీతారాం బజారులోని హక్సర్ హవేలీ శిథిలమైంది. గాలిబ్ చివరి రోజులు గడిపిన బల్లిమారాన్ ఇల్లు దుకాణాల పాలయ్యాక, అందులో కొంత భాగాన్ని మాత్రమే ప్రభుత్వం వెనక్కి తీసుకుని స్మారకంగా మార్చగలిగింది.

ఇది ఢిల్లీకే పరిమితమైన కథ కాదు. దేశంలోనే ముందుగా, 1995లో, వారసత్వ నిబంధన తెచ్చుకున్న నగరాలలో హైదరాబాద్ ఒకటి. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆ నిబంధనను తొలగించింది. 2019లో ఎర్రమంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేయవలసి వచ్చింది. జాబితా రాసిన చెయ్యే దానిని చెరిపివేయగలదు.

బొంబాయి మరో దారి చూపింది. అక్కడ 1969 నాటి చట్టం పాత అద్దె భవనాలపై సెస్సు వసూలు చేసి, ఆ సొమ్ముతో మరమ్మతులు చేయించే బోర్డును ఏర్పరిచింది. దాని లోపాలు దానికున్నాయి. అయినా ఇంటి బరువును యజమాని, కిరాయిదారు, రాజ్యం కలిసి మోయాలన్న సూత్రం అందులో ఉంది. ఢిల్లీ చట్టాలలో లేనిది అదే. ఖర్చులో పైసా పంచుకోని రాజ్యానికి ఆ ఇంటిని జాతి సంపద అనే నైతిక హక్కు ఎక్కడిది? 1995 నాటి అద్దె చట్టాన్ని అటకెక్కించిన పార్టీలన్నీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.