భట్టి గనులు – అభయారణ్యము

మహానగరములు తమ నేలమీదనే పుట్టినట్లు కనిపించును గాని, వాని గోడలలోని రాయియు ఇసుకయు వేఱొక నేలను గుల్లచేసి తెచ్చినవే. ఇందిరాపురవాసులు యమునను దాటి, దక్షిణ ఢిల్లీలోని తుగ్లకాబాదు కోటను గడచి మఱికొంత దూరము సాగినచో దీనికి సాక్ష్యము కనబడును. అచట ఆరావళీ పర్వతశ్రేణి కొసయందు అసోలా–భట్టి అభయారణ్యము గలదు.

ఇచటి కఠినశిల యుగములుగా శిథిలమై ఎఱ్ఱని గరుకు ఇసుకగా మారినది. మేస్త్రీలు దానిని ‘బదర్‌పూర్’ అని వ్యవహరింతురు. స్వాతంత్ర్యానంతరము రాజధాని పెరిగినకొలది భట్టి గనులు లోతెక్కినవి. పలుగు పార చేపట్టి, గాడిదలపై మట్టిని మోసి ఆ గోతులను త్రవ్వినవారిలో ఓడ్ జాతివారు ముఖ్యులు. దేశవిభజన పిమ్మట పశ్చిమమునుండి తరలివచ్చిన వీరు భగీరథుని తమ మూలపురుషునిగా చెప్పుకొందురు. తెలుగునాట మట్టిపని కులవృత్తిగా గల ఉప్పరులును తాము సగరులమనియే చెప్పుకొనుట ఇచట స్మరింపదగినది. నేలను త్రవ్వువారికి సగరపుత్రుల కథ ఉభయత్ర ఆశ్రయమైనది.

1986లో అసోలా ప్రాంతమును, 1991లో భట్టి ప్రాంతమును ప్రభుత్వము అభయారణ్యముగా ప్రకటించినది. గనులు మూతపడినవి. విస్తీర్ణము సుమారు 32 చదరపు కిలోమీటర్లు. ప్రాదేశిక సైన్యమునకు చెందిన పర్యావరణ దళము బోడిగుట్టలపై మొక్కలు నాటి పెంచినది. మన జిల్లాలను ఆక్రమించిన సర్కారుతుమ్మయే ఇచటను దట్టముగా అల్లుకొన్నది. దానిని తొలగించి స్థానికవృక్షములను నిలుపుటకు ప్రయత్నములు జరుగుచున్నవి. లోతైన గోతులలో నీరు నిలిచి నీలిసరస్సులైనవి. మనుబోతులు, నక్కలు, ముండ్లపందులు, చిరుతపులులు సైతము ఈ లోయలలో సంచరించుచున్నవి.

గనులు మూతపడుటతో ఓడ్ కుటుంబములకు జీవనోపాధి పోయినది. వారి నివాసములు అభయారణ్యపు హద్దులలోనికి వచ్చుటచే, 1996లో వారిని అచటినుండి తరలింపవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ వివాదము ఏండ్ల తరబడి సాగినది. అడవిని కాపాడుట ధర్మమే. గనుల దుమ్ము దేశరాజధాని ఊపిరికిని, నీటి ఊటలకును చేటు. కాని ఆ గోతులు వారి లోభముచే ఏర్పడినవి కావు. నగరపు అవసరముచే ఏర్పడినవి. ఇసుకను వాడుకొన్న నగరము వనమును తిరిగి పెంచి ఒక ఋణమును కొంత తీర్చుకొన్నది. త్రవ్వినవారి ఋణము మిగిలియున్నది.

సెలవుదినమున పిల్లలతో ఈ వనమునకు పోవు తెలుగు కుటుంబములు ఆ నీలిసరస్సుల అందమును చూచి ఆనందింపవలసినదే. ఆ గట్టులపై పలుగుపోట్లు వేసిన చేతులను గూర్చియు పిల్లలకు చెప్పినచో, చరిత్రపాఠము సమగ్రమగును.