గంట ఎవరు కొట్టాలి?



దోహాలో అల్ మన్సూరా, నజ్మా వీధుల్లో కాపురాలుంటున్న మన తెలుగువాళ్ళలో చాలామంది ఊళ్ళో ఏదో ఒక కాన్వెంటులో చదువుకుని వచ్చినవారే. కాన్వెంటు అంటే అసలు కన్యాస్త్రీల మఠం. సిస్టర్లు నడిపిన బడికి ఆ పేరు అంటుకుంది. చివరికి టై కట్టుకుని వెళ్ళే ప్రతి ఇంగ్లీషు మీడియం బడీ మనకు కాన్వెంటే అయి కూర్చుంది! సికింద్రాబాదులో సెయింట్ ఆన్స్ 1871 నాటిది. గుంటూరుకు జె.ఎం.జె. సిస్టర్లు హాలండు నుంచి 1904లో వచ్చారు. మతం ఏదైనా సరే, మన పెద్దవాళ్ళు పిల్లల్ని ఆ బళ్ళలో వేయడానికి ఇంగ్లీషు ఒక కారణమైతే, క్రమశిక్షణ ఇంకో కారణం. గేటు దగ్గర వాచ్‌మన్, వరసలో నడక, గంట కొడితేగాని కదలని క్లాసు. సిస్టర్ల చేతుల్లో పెడితే ఇక భయంలేదని ఒక ధీమా.

ఇవాళ ఆ గంట గురించి మాట్లాడుకుందాం. పిల్లల భద్రత చరిత్రలో ఆ గంటకు పెద్ద కథే ఉంది. అది తెలియాలంటే ముందు అమెరికాలోని చికాగో దాకా వెళ్ళాలి.

అక్కడ అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్ అని ఒక కతోలిక బడి ఉండేది. చదివేవాళ్ళలో ఎక్కువమంది వలస వచ్చిన కుటుంబాల పిల్లలు. ఇటాలియన్లు, ఐరిష్‌వాళ్ళు, పోలండువాళ్ళు. అంటే మనలాంటి వాళ్ళే. 1958 డిసెంబరు 1, సోమవారం. మధ్యాహ్నం మూడింటికి బడి వదులుతారు. ఇంకా నలభై నిమిషాలో గంటో ఉందనగా నేలమాళిగలో మెట్ల కింద, చెత్త పీపాలో నిప్పు అంటుకుంది. గోడలు ఇటుకవే గాని లోపలి మెట్లు, నేల, తలుపులు అన్నీ కర్ర. మెట్లదారి పొగగొట్టంలా పనిచేసింది. కింది అంతస్తులో మెట్లకు అడ్డంగా తలుపు ఉంది. పై అంతస్తులో లేదు. పొగా మంటా తిన్నగా పై వసారాలోకి వచ్చేశాయి.

పొగ వాసన ముందుగా పసిగట్టినవారిలో ఇద్దరు టీచరమ్మలు ఉన్నారు. సిస్టర్లు కారు, మామూలు ఉద్యోగినులు. అప్పటి కట్టుబాటు ఏమిటంటే, మదర్ సుపీరియర్ చెప్పందే గంట మోగించకూడదు, పిల్లల్ని బయటకు తీయకూడదు. అందుకని ఒకావిడ ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తింది. గది ఖాళీ. ఆ రోజు రాని టీచరు బదులు ప్రిన్సిపాలే వేరే క్లాసులో పాఠం చెబుతున్నారు. ఇక ఈ ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. ఎవరి అనుమతీ లేకుండా తమ క్లాసుల్ని బయటకు నడిపించారు. దారిలో గంట స్విచ్చి లాగితే మోగలేదు. పిల్లల్ని చర్చిలో దింపి, మళ్ళీ వచ్చి లాగితే మోగింది. అప్పటికే పై వసారా నల్లటి పొగతో నిండిపోయింది. కొన్ని గదుల్లో సిస్టర్లు పిల్లల్ని బల్లల దగ్గరే కూర్చుని ప్రార్థన చెయ్యమన్నారు. పిల్లలు మాట విన్నారు. ఆ ఒక్క సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

92 మంది పిల్లలు, ముగ్గురు సిస్టర్లు చనిపోయారు. ఆ సిస్టర్లు పిల్లల్ని వదిలి పారిపోలేదు, వాళ్ళతోబాటే పోయారు. అందుచేత ఇక్కడ కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేక జరిగిందని అనలేం.

ఆ బడి కాగితం మీద ఏ నియమమూ తప్పలేదు. అక్టోబరులోనే తనిఖీలో పాసయింది. కొత్త నియమాలు పాత కట్టడాలకు వర్తించవని మినహాయింపు. ఫైర్ డ్రిల్లులూ చేయించారు. కాని బడి గంటకూ ఫైర్ స్టేషనుకూ సంబంధం లేదు. బడి లోపల ఎంత మోగినా ఊరికి తెలియదు. ఆ తర్వాత అమెరికా అంతటా వేల పాత బళ్ళను సరిచేశారు. మెట్లకు తలుపులు వచ్చాయి, స్ప్రింక్లర్లు వచ్చాయి, గంటను నేరుగా ఫైర్ స్టేషనుకు కలిపారు. నిప్పు ఎవరు పెట్టారన్నది మాత్రం అధికారికంగా ఈనాటికీ తేలలేదు.

మన దేశానికి ఆ పాఠం రావడానికి ఇంకో 46 ఏళ్ళు పట్టింది. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో మధ్యాహ్న భోజనం వండే పాక నుంచి మంట లేచి, మేడమీది ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. అది కతోలిక బడి కాదు, ప్రైవేటు బడి. ఆ ఘోరం తర్వాత వేసిన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. చదువుకునే హక్కులో భద్రమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని.

నిప్పు కంటికి కనబడుతుంది. కనబడని ఆపద ఇంకొకటుంది, దాని దగ్గరా ఇదే గంట సమస్య. 2002లో బోస్టన్‌లో పిల్లలపై కొందరు గురువులు చేసిన అత్యాచారాలు పత్రికలకెక్కాయి. తెలిసినవాళ్ళు లేకపోలేదు. పైవాళ్ళకు చెప్పారు. పైవాళ్ళు ఆ మనిషిని ఇంకో విచారణకు బదిలీ చేశారు. గంట స్విచ్చి మళ్ళీ సుపీరియర్ గదిలోనే! 2019లో పోప్ ఫ్రాన్సిస్ 'వోస్ ఎస్తిస్ లుక్స్ ముంది' అనే శాసనంతో, తెలిసిన ప్రతి గురువూ, ప్రతి సిస్టరూ సభాధికారులకు ఫిర్యాదు చేసితీరాలన్నారు. మంచిదే. కాని ఈ విషయంలో మన పోక్సో చట్టం ముందే ఇంకా దూరం వెళ్ళిందని నేననుకుంటాను. 2012 నవంబరు 14న, బాలల దినోత్సవంనాడు, అది అమల్లోకి వచ్చింది. దాని 19వ సెక్షన్ ప్రకారం సంగతి తెలిసినవారు ఎవరైనా సరే పోలీసులకు చెప్పాలి. ఆయా కావచ్చు, బస్సు డ్రైవరు కావచ్చు, నిన్నగాక మొన్న చేరిన టీచరు కావచ్చు. మేనేజ్‌మెంటును అడగనక్కరలేదు. సద్బుద్ధితో చెప్పినవారిమీద కేసు పెట్టడానికి వీల్లేదు. చెప్పకుండా దాస్తే ఆరునెలల దాకా జైలు. దాచింది సంస్థ పెద్ద అయితే ఏడాది దాకా. ఊళ్ళో అమ్మమ్మల దగ్గర పిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళు ఈ సెక్షన్ సంగతి ఫోనులో ఒకసారి ఇంట్లో చెప్పండి.

ఇక మనం ఉంటున్న ఊరు. 2012 మే 28న విలాజియో మాల్ కాలినప్పుడు లోపలున్న నర్సరీలో 13 మంది పసివాళ్ళు, నలుగురు టీచర్లు పోయారు. వాళ్ళకోసం వెళ్ళిన అగ్నిమాపక సిబ్బందిలో ఇద్దరూ పోయారు. పైకప్పు పగలగొట్టి లోపలికి దిగాల్సి వచ్చింది. 2022 సెప్టెంబరు 11న అల్ వక్రాలో ఇంకో దారుణం. నాలుగేళ్ళ పాప, కేరళ కుటుంబం, ఆ రోజు పుట్టినరోజు కూడాను. బడి బస్సులో నిద్రపోయింది. మిగతా పిల్లలు దిగారు, బస్సుకు తాళం పడింది. సెప్టెంబరు ఎండ ఇక్కడ ఎలా ఉంటుందో మీకు చెప్పేదేముంది. ప్రభుత్వం ఆ కిండర్‌గార్టెన్‌ను మూయించింది. ఆ బస్సులో డ్రైవరు ఉన్నాడు, పిల్లల్ని చూసుకునే మనిషీ ఉంది. చివరి సీటు దాకా నడిచి చూడడం ఒక్కటే జరగలేదు.

అమెరికాలో చాలా స్కూలు బస్సులకు ఇప్పుడొక ఏర్పాటు ఉంది. ఇంజను ఆపగానే అలారం మోగుతుంది. దాన్ని ఆపే బొత్తం బస్సు వెనక, చివరి సీటు దగ్గర ఉంటుంది. డ్రైవరు అక్కడిదాకా నడిచి వెళ్ళి నొక్కితేగాని ఆ మోత ఆగదు.