నరమా, కండరమా? – ఒక మాట వెనుక ఉన్న చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను పండితుణ్ణి కాదు, డాక్టర్ని అసలే కాదు, ఏమి వ్రాయాలి అని ఆలోచనలో పడ్డాను. సర్వీసులో ఎక్కువ కాలం వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్ బిల్లుల సీటులో పనిచేసిన గుమాస్తాను. పుట్టింది, పెరిగింది మల్దకల్. ఇప్పుడు నడుస్తున్నది డెబ్బై నాలుగో ఏడు. ఈ వయసులో మనం నలుగురం కలిస్తే మాట్లాడుకొనేది డి.ఏ. గురించి, లేకపోతే ఒంటి నొప్పుల గురించి. అందులో రెండవ దాని గురించే, మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటును పురస్కరించుకొని నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఆ పొరపాటు నాదే.

బిల్లుల సీటులో కూర్చున్నవాడికి జబ్బుల పేర్లు తెలియక తప్పదు. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ మీద డాక్టరుగారు వ్రాసిన పేరును రిజిస్టరులోకి ఎక్కించాలి. ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అంటే గుండెపోటు, ‘మయాల్జియా’ అంటే ఒంటి నొప్పి అని పదే పదే వ్రాసీ వ్రాసీ నోటికి వచ్చాయి. రెండింటిలోనూ ‘మయో’, ‘మయా’ అని ఎందుకు వస్తుందో మాత్రం సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆలోచించలేదు. బిల్లు పాసయిందా, ఆడిట్ వారు అభ్యంతరం పెట్టారా, అంతవరకే మన పని. అయినా ఇంగ్లీషు వైద్య పదాలు నాకు తెలుసునన్న ధీమా ఒకటి నాలో పెరిగింది.

ఆ ధీమాయే కొంప ముంచింది. కొన్నేళ్ళ క్రితం మా ఇంటావిడ ‘కాళ్ళల్ల నరాలు గుంజుతున్నయి’ అనడం మొదలుపెట్టింది. పట్నంలో ఒక క్లినిక్కుకు తీసుకువెళ్ళాను. రద్దీ ఎక్కువ, డాక్టరుగారికి తీరిక తక్కువ. ఆమె నోరు తెరవకముందే నేను చొరవ తీసుకొని, ‘నర్వ్ పెయిన్ సార్, టూ లెగ్స్’ అన్నాను. చీటీ మీద కూడా అదే వ్రాసి ఇచ్చాను. నరాలకు బలం ఇచ్చే మాత్రలు వ్రాశారు. మూడు నెలలు వాడాము. తగ్గకపోగా, క్రింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేని స్థితి వచ్చింది.

తరువాత చూపించిన మరొక డాక్టరు, చిన్న వయసు పిల్లవాడు, నన్ను ప్రక్కన కూర్చోబెట్టి ఆమెనే అడిగాడు. ‘అమ్మా, మాట వద్దు, చేత్తో చూపించండి. ఎక్కడ?’ ఆమె రెండు తొడలూ అరచేతులతో పట్టి చూపింది. ‘తిమ్మిరి ఉందా? మంట ఉందా? సూదులు గుచ్చినట్టు ఉందా?’ లేదన్నది. ‘నొక్కితే నొప్పా? మెట్లెక్కితే ఎక్కువవుతుందా?’ అవునన్నది. వాడుతున్న మాత్రలన్నీ బల్ల మీద పెట్టమన్నాడు. కొలెస్టరాల్ కోసం వాడే స్టాటిన్ మాత్ర చూసి రక్తపరీక్ష చేయించాడు. ‘ఇది నరం కాదు సార్, కండరం. ఈ మాత్ర కొందరికి కండరాలను బాధపెడుతుంది’ అని మందు మార్చాడు. కొన్ని వారాలకు ఆమె నేల మీద నుంచి తనంతట తాను లేచింది.

ఆమె చెప్పింది తప్పు కాదు. మన ఇండ్లల్లో ‘నరం’ అంటే అన్నీ కలుస్తాయి. నేను దానిని ‘నర్వ్’ అని తర్జుమా చేయడమే తప్పు. ఆ రోజు నుంచి ఈ మాట వెంటపడి, దొరికిన పుస్తకాలు చదివాను. తెలుసుకొన్నది ఇది.

మనం చెయ్యి బిగిస్తే ముంజేతి మీద నీలంగా తేలేది రక్తనాళం. దానినీ నరమంటాము. మడమ వెనుక తాడులాగా బిగుతుగా తగిలేది కండను ఎముకకు కట్టే బంధనం. దానినీ నరమంటాము. మెదడు నుంచి ఒళ్ళంతా వార్తలు మోసేది కూడా నరమే. పిక్క పట్టేస్తే ‘నరం పట్టింది’, మెడ తిరగకపోతే ‘నరం తప్పింది’. తమిళంలో దీని తోబుట్టువు ‘నరంబు’. ప్రాచీన తమిళంలో యాళ్ అనే వీణ తీగను కూడా నరంబు అనేవారు. అంటే తీగలా సాగి, తాడులా బిగిసేది ఏదైనా నరమే.

ఇది మన వెనుకబాటుతనమని అనుకోనక్కరలేదు. గ్రీకు భాషలో ‘న్యూరాన్’ అన్న మాటకు మొదట అర్థం కండను ఎముకకు కట్టే తాడు. దాని తోబుట్టువు ‘న్యూరా’ అంటే వింటినారి. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియా నగరంలో హెరోఫిలస్ అనే వైద్యుడు మృతదేహాలను కోసి చూసి, వార్తలు మోసే నరాలు వేరు, కండలను కట్టే తాళ్ళు వేరు అని తేల్చాడు. అప్పటికి గాని ఆ రెండూ విడిపోలేదు. పాత అర్థం నేటికీ పూర్తిగా పోలేదు. కండరాలను కట్టి ఉంచే పలుచని తెల్లని పొరను డాక్టర్లు ‘అపోన్యూరోసిస్’ అంటారు. అందులో న్యూరాన్ ఉన్నది గాని నరం లేదు.

మన సంస్కృత వైద్యగ్రంథాల సంగతి చూద్దాము. సుశ్రుత సంహిత శారీర స్థానంలో లెక్కలు ఉన్నాయి. పేశులు 500, స్నాయువులు 900, సిరలు 700, కండరలు 16. ఇందులో పేశి అంటే నేటి కండరం. 500 పేశులలో 400 కాళ్ళు చేతులలోను, 66 మొండెంలోను, 34 మెడ, తలలలోను ఉన్నాయని విభజించారు. నేటి శాస్త్రం ప్రకారం ఎముకలను కదిలించే కండరాలు 600 పైచిలుకు. సూక్ష్మదర్శిని కూడా లేని కాలంలో వేసిన లెక్క అది.

విశేషమేమిటంటే, సుశ్రుతుడు ‘కండర’ అన్నది కండను కాదు. కాళ్ళు, చేతులు, మెడ, వీపులలో నాలుగేసి చొప్పున ఉండే లావుపాటి తాళ్ళను. మనం నేడు బడి పుస్తకాలలో ‘కండరం’ అంటున్నది ఆయన పేశి. మన ‘కండ’కూ ‘కండరా’నికీ చెవికి పోలిక ఉండటం వలన కాబోలు, తాడు పేరు కండకు అతికి తెలుగులో స్థిరపడింది.

స్నాయువు కథ ఇంకా చిత్రం. మన నడిగడ్డకు ఒక ప్రక్క కృష్ణ, ఒక ప్రక్క తుంగభద్ర. సరిహద్దు దాటి రాయచూరు వెళితే కన్నడంలో ‘స్నాయు’ అంటే కండరం. మరాఠీలోనూ అంతే. బెంగాలీలో ‘స్నాయు’ అంటే నరం. మన తెలుగు పాఠ్యపుస్తకాలలో ‘స్నాయుబంధనం’ అంటే కండరాన్ని ఎముకకు కట్టేది. ఒకే సంస్కృత పదం, మూడు అర్థాలు. మన ప్రాంతం వారు వైద్యానికి కర్నూలూ పోతారు, రాయచూరూ పోతారు. బస్సు మారితే మాట అర్థమే మారిపోతున్నది!

ఇక ఉర్దూ. మా నాయన చదువు ఉర్దూలోనే. ఆయన వీపు పట్టేస్తే ‘పఠ్ఠా పట్టింది’ అనేవారు. పఠ్ఠా అంటే కండరమూ అవుతుంది, దాని తాడూ అవుతుంది. నిజాం కాలంలో 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను స్థాపించి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఉర్దూ మాధ్యమంలో ప్రారంభించారు. వైద్యవిద్యను కూడా ఉర్దూలో చెప్పారు. కండరానికి ‘అజ్లా’, కండరాలకు ‘అజ్లాత్’ అనే అరబ్బీ పదాలను వాడారు. 1948 పోలీసు చర్య తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది. భారతీయ భాషలో పెద్ద వైద్యం నేర్పిన ఒక ప్రయత్నం అలా ముగిసింది. అయితే పల్లెలో రైతుకు పఠ్ఠా తెలుసు గాని అజ్లాత్ తెలియదు. ఆ సంగతి కూడా మనం మరువరాదు.

తెలుగులో 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైన పెద్దలు విజ్ఞానచంద్రికా మండలి స్థాపించి శాస్త్రగ్రంథాలకు దారి వేశారు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు ఆ గ్రంథమాలకు జీవశాస్త్రం వ్రాశారు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల స్థాయి పుస్తకాలు, పరిభాష వచ్చాయి. ‘కండర వ్యవస్థ’, ‘నాడీ వ్యవస్థ’ అన్న మాటలు మన పిల్లలకు అలా అలవాటయ్యాయి. ఇక్కడా ఒక తమాషా ఉన్నది. ‘నాడి చూడటం’ అంటే రక్తనాళం కొట్టుకోవటం చూడటం. ‘నాడీ వ్యవస్థ’ అంటే నరాలు!

ఇంగ్లీషు డాక్టర్ల పేర్లు చూసి భయపడవలసినది కూడా ఏమీ లేదు. అవీ ఒకప్పటి పల్లె మాటలే. ‘మజిల్’ అన్నది లాటిన్‌లో చిట్టెలుక. చర్మం క్రింద కండ కదలటం ఎలుక పరుగెత్తినట్టు ఉంటుందని ఆ పేరు. గ్రీకులో ఎలుకను, కండను ‘మూస్’ అనే అంటారు. మన బిల్లులలోని ‘మయో’ అదే. ఇన్నేళ్ళు నేను రిజిస్టరులో ఎలుకలను ఎక్కించానన్నమాట. హిందీవారు అదే జబ్బ కండను ‘మఛ్లీ’, అనగా చేప అంటారు. తొడ మీదుగా ఏటవాలుగా సాగే పొడవైన కండరం ‘సార్టోరియస్’, అంటే దర్జీవాడిది. దర్జీలు మఠం వేసుకొని కూర్చొనేవారు కనుక. మన గద్వాల చీరలు నేసినవారికి ఈ పేరు పెట్టే అవకాశం వచ్చి ఉంటే మగ్గం కండ అనేవారేమో! బుగ్గలోని ‘బక్సినేటర్’ అంటే బూర ఊదేవాడు. తిమ్మప్ప జాతరలో సన్నాయి ఊదేవారి బుగ్గలు చూసినవారికి వేరే వివరణ అక్కరలేదు. పిక్క కండరం ‘గ్యాస్ట్రోక్నీమియస్’, అంటే కాలికి ఉన్న బొజ్జ. ‘పిక్క’ అన్న రెండక్షరాల మాట దానికి ఏమి తీసిపోయింది?

ఆ దేశాలలోనూ ఒకే అవయవానికి పది పేర్లు ఉండి వైద్యులు తికమకపడితే, 1895లో బాసెల్ నగరంలో సమావేశమై, చలామణిలో ఉన్న దాదాపు 50,000 పేర్లను సుమారు 5,000కు కుదించారు. 1998లో ‘టెర్మినోలోజియా అనటోమికా’ పేరుతో మరల ప్రపంచమంతటికీ ఒక జాబితా వచ్చింది. అంటే వారికి కూడా ఒక మాట, ఒక అర్థం అన్నది ఊరికే రాలేదు. కూర్చొని సరిచేసుకొంటే వచ్చింది.

మన వయసువారికి సంబంధించిన పదం ఒకటి ఉన్నది, ‘సార్కోపీనియా’. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే వైద్యుడు పెట్టిన పేరు. ‘సార్క్స్’ అంటే మాంసం, ‘పీనియా’ అంటే లేమి. వయసుతో కండ తరిగిపోవటం. కండకు వచ్చిన పేదరికం అనవచ్చు. పెన్షను తగ్గితే ధర్నా చేస్తాము గాని కండ తగ్గితే ‘వయసు కదా’ అని ఊరుకొంటాము. చేతనైనంత నడక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చొనే సాధన, భోజనంలో పప్పు, పాలు, గుడ్డు వంటివి దీనికి విరుగుడని వైద్యులు చెబుతున్నారు.

చివరగా నా మనవి. డాక్టరు వద్ద ‘నరం’ అని ఊరుకోకండి. చేత్తో చోటు చూపించండి. తిమ్మిరి, మంట, కరెంటు షాకు కొట్టినట్టు ఉంటే అలాగే చెప్పండి, నరం కావచ్చు. నొక్కితే నొప్పి, పనిచేస్తే ఎక్కువ అయితే కండరం కావచ్చు. ఒకే కాలి పిక్క వాచి వేడిగా ఉంటే రక్తనాళంలో గడ్డ కావచ్చు, ఆ రోజే చూపించండి. స్టాటిన్ వాడేవారికి కండరాల నొప్పి గాని నీరసం గాని వస్తే సొంతంగా మానవద్దు, వెంటనే డాక్టరుకు చెప్పండి. మూత్రం ముదురు రంగుకు తిరిగితే ఒక్క పూట కూడా ఆగవద్దు. వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుపోండి. నిర్ణయం మాత్రం వారిదే. అన్నింటికీ మించి, నొప్పి ఎవరిదో వారినే చెప్పనివ్వండి. నాలాగా తర్జుమాకు దిగవద్దు.

2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులోను, 2024లో మన గద్వాలలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడ చదివే పిల్లలు లాటిన్ పేర్లన్నీ కంఠస్థం చేస్తారు, చేయవలసిందే. దానితోపాటు మల్దకల్ నుంచి వచ్చిన అవ్వ ‘నరాలు గుంజుతున్నయి బిడ్డా’ అంటే అందులో ఎన్ని అర్థాలున్నాయో కూడా నేర్చుకొంటే ఆమెకు మూడు నెలల బాధ తప్పుతుంది.