పదమూడు నిమిషాల తాళం

2014 సెప్టెంబర్ 8. వాలెన్సియాలో స్పెయిన్, మాసిడోనియాల మధ్య యూరో కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. గెలుపు ఎవరిదో అప్పటికే తేలిపోయింది. 77వ నిమిషంలో స్పెయిన్ కోచ్ బెంచీ మీద ఉన్న ఒక కుర్రాణ్ణి మైదానంలోకి దించాడు. మునీర్ ఎల్ హద్దాదీ, బార్సిలోనా ఆటగాడు. పందొమ్మిదేళ్లు నిండి సరిగ్గా వారం. మిగిలిన పదమూడు నిమిషాలూ ఆడాడు, ఈల ఊదారు, ఇంటికెళ్లాడు. స్పెయిన్ సీనియర్ జట్టు మళ్లీ అతన్ని మైదానంలోకి దించలేదు.

తండ్రి పుట్టిన దేశం మొరాకో మాత్రం రమ్మంది. అతనూ వస్తానన్నాడు. 2018 ప్రపంచకప్ ముంగిట్లో మొరాకో సమాఖ్య లోజాన్‌లోని క్రీడల కోర్టు దాకా వెళ్లింది. కుదరదన్నారు. అప్పటి నియమం ప్రకారం ఒక దేశానికి అసలు పోటీలో, ఒక్క నిమిషమైనా సరే, ఆడినవాడు జీవితాంతం ఆ దేశం మనిషే. చివరికి మునీర్ మొరాకో జెర్సీ వేసుకున్నది 2021 మార్చిలో. పదమూడు నిమిషాలకు పడిన తాళం ఊడటానికి ఆరేళ్లు దాటింది.

ఈ తాళం మొదటి నుంచీ లేదు. డి స్టెఫానో అర్జెంటీనాకు ఆడాడు, కొలంబియాకు ఆడాడు, ఆపైన స్పెయిన్‌కూ ఆడాడు. హంగరీ వీరుడు పుష్కాష్ 1962 ప్రపంచకప్‌లో స్పెయిన్ చొక్కాతో కనిపించాడు. 1958లో బ్రెజిల్‌తో కప్పు గెలిచిన అల్తఫీనీ, అదే 1962లో ఇటలీ వైపు దిగాడు. ఇదేం చోద్యమని ఫిఫా ఆ ప్రపంచకప్ తర్వాతే తలుపు వేసింది. పెద్ద స్టార్లను ఆపడానికి వేసిన తలుపు అది. నలభై ఏళ్ల తర్వాత దాని దగ్గర ఇరుక్కున్నది మాత్రం ఫ్యాక్టరీ కూలీల, పాచిపని చేసుకునే తల్లుల పిల్లలు.

ఆ తలుపును గట్టిగా తోసింది అల్జీరియా. ఎందుకో తెలియాలంటే 1958 ఏప్రిల్‌కు వెళ్లాలి. రషీద్ మెఖ్లూఫీ అప్పటికి ఇరవై రెండు నిండని కుర్రాడు. సెయింట్ ఎతియెన్ క్లబ్బులో స్టార్, ఫ్రాన్స్ సైన్యంలో సిపాయి, ఫ్రాన్స్ తరఫున నాలుగు మ్యాచ్‌లు ఆడినవాడు. రెండు నెలల్లో స్వీడన్‌లో ప్రపంచకప్. అతను పుట్టింది సెతిఫ్‌లో. 1945 మే నెలలో ఫ్రెంచి సేనలు ఆ ఊళ్లో, చుట్టుపక్కల జనాన్ని ఊచకోత కోసినప్పుడు ఎనిమిదేళ్లవాడు. స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న ఎఫ్ఎల్ఎన్ నుంచి కబురు రాగానే, మొనాకో డిఫెండర్ ముస్తఫా జితూనీ లాంటి సహచరులు ఒక దారిన, అతను ఇంకో దారిన సరిహద్దులు దాటి ట్యునీషియా చేరారు. సైన్యంలో ఉన్నవాడు పారిపోతే ఏమవుతుందో అతనికి తెలియక కాదు. దేశమే లేని ఆ దేశపు జట్టు నాలుగేళ్ల పాటు తూర్పు ఐరోపాలో, ఆసియాలో, అరబ్బు దేశాల్లో తిరిగి ఆడింది. ఫిఫా గుర్తించలేదు. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక మెఖ్లూఫీ సెయింట్ ఎతియెన్‌కే తిరిగి వెళ్లాడు, అభిమానులు చప్పట్లతో ఎదురొచ్చారు. అల్జీరియా తరఫునా ఆడాడు. రెండు ఇళ్లూ అతనివే అయ్యాయి. ఈ కథంతటిలో నాకు బాగా నచ్చిన మనిషి ఇతనే.

తర్వాత తరం పారిపోలేదు. ఫ్రాన్స్‌లోనే పుట్టింది. 2001 అక్టోబర్‌లో ఫ్రాన్స్, అల్జీరియా మొదటిసారి సీనియర్ జట్లతో తలపడ్డాయి, పారిస్ శివారు స్టేడియంలో. ఫ్రాన్స్ వైపు జిదాన్ ఉన్నాడు, అల్జీరియాలోని కబిలియా నుంచి వలస వచ్చిన అమ్మానాన్నల బిడ్డ. ఫ్రాన్స్ జాతీయగీతానికి గ్యాలరీలు ఈలలేశాయి. స్కోరు 4-1 ఉండగా 76వ నిమిషంలో కుర్రకారు మైదానంలోకి దూకింది, ఆట ఆగిపోయింది. ఆ దూకినవాళ్లలో ఎక్కువమంది ఫ్రాన్స్‌లోనే పుట్టి పెరిగినవాళ్లు.

తలుపు మొదట కొంచెం తెరుచుకున్నది 2004లో. 21 ఏళ్లు నిండకముందు, జూనియర్ జట్లకు మాత్రమే ఆడినవాళ్లు ఒక్కసారి దేశం మారవచ్చన్నారు. ఫ్రాన్స్ జూనియర్ జట్లకు ఆడిన ఆంతర్ యహియా వెంటనే అల్జీరియాకు మారాడు. అదే ఏడాది ఇంకో సరదా జరిగింది. ఐల్టన్, డెడె అనే బ్రెజిల్ ఆటగాళ్లను ఖతార్ డబ్బు ఎరవేసి తన జట్టులోకి లాగబోయింది. వాళ్లకూ ఖతార్‌కూ ఏ చుట్టరికమూ లేదు. ఫిఫా కంగారుపడి, ఆటగాడో, తల్లో తండ్రో, తాతో అవ్వో ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా అతను అక్కడ రెండేళ్లు కాపురముండి ఉండాలి అని రాసింది. ఫుట్‌బాల్ చట్టంలోకి తాతలూ అవ్వలూ కాలుపెట్టింది ఆ డబ్బు గొడవ పుణ్యాన.

2009లో బహామాస్‌లోని నసావులో ఫిఫా మహాసభ జరిగింది. 21 ఏళ్ల షరతు తీసేయాలని అల్జీరియా ప్రతిపాదించింది, నెగ్గింది. హసన్ యెబ్దా, మురాద్ మెఘ్నీ 2001లో ఫ్రాన్స్‌కు 17 ఏళ్ల లోపు ప్రపంచకప్ తెచ్చిన కుర్రాళ్లు. ఇద్దరూ అల్జీరియాకు వచ్చేశారు. ఆ నవంబర్‌లో సూడాన్‌లోని ఓందుర్మాన్‌లో ఈజిప్టు మీద గోలు కొట్టి అల్జీరియాను 24 ఏళ్ల తర్వాత ప్రపంచకప్‌కు తీసుకెళ్లింది ఎవరనుకున్నారు? ఆంతర్ యహియా. ఇక 2020 సెప్టెంబర్‌లో మునీర్ లాంటివాళ్ల కోసం ఇంకో సడలింపు వచ్చింది. 21 ఏళ్ల లోపు మూడు మ్యాచ్‌లకు మించి ఆడకపోతే, ఆడి మూడేళ్లు గడిస్తే మారవచ్చు. మునీర్ కథ దానితోనూ వెంటనే తేలలేదు, మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అదంతా లాయర్ల గోల.

కాగితం మీద సంగతి అది. తీర్మానం జరిగేది మాత్రం అన్నాలు తినే బల్ల దగ్గర. జర్మనీ గనుల ఊరు గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టిన మెసుట్ ఓజిల్ తన ఆత్మకథలో ఆ ఇంటి వాదన రాసుకున్నాడు. అమ్మ టర్కీ అంది, నాన్న జర్మనీ అన్నాడు. పుట్టింది ఇక్కడ, బంతి తన్నడం నేర్చింది ఇక్కడ అన్నది నాన్న లెక్క. నాన్న మాటే నెగ్గింది. 2014లో జర్మనీకి కప్పు వచ్చింది. 2018లో టర్కీ అధ్యక్షుడితో దిగిన ఒక ఫోటో మీద దుమారం రేగింది. ఓజిల్ జాతీయ జట్టు వదిలేస్తూ రాసిన ఉత్తరంలో, మూలాలు మరవొద్దన్న అమ్మ పెంపకం గురించే చెప్పుకున్నాడు.

ఇంకో ఆటగాడు ఇన్యాకి విలియమ్స్ ఇంట్లో ఒత్తిడి మాటల్లో లేదు, నాన్న అరికాళ్లలో ఉంది. ఘనా నుంచి బయల్దేరిన అతని అమ్మానాన్నలు సహారా ఎడారిని చాలా దూరం కాలినడకన దాటారు. ఇసుకకు కాలిన పాదాలతో తండ్రి ఇప్పటికీ సరిగా నడవలేడు. తల్లి కడుపులో అప్పటికే ఇన్యాకి ఉన్నాడు. స్పెయిన్ సరిహద్దు మెలిల్యా కంచె దూకి దొరికిపోయాక, యుద్ధం జరుగుతున్న లైబీరియా నుంచి వచ్చామని చెప్పండి, ఆశ్రయం దొరుకుతుంది అని ఎవరో లాయరు సలహా ఇచ్చాడు. స్పెయిన్ గడ్డ మీద బతకడానికి సొంత దేశం పేరు దాచాల్సి వచ్చింది. బిల్బావోలో ఆదుకున్న ఫాదరు పేరే బిడ్డకు పెట్టుకున్నారు. ఈ ప్రయాణం సంగతి కొడుకుకు చెప్పడానికి తల్లికి ఏళ్లు పట్టింది.

ఇన్యాకి 2016లో స్పెయిన్‌కు ఒక్క ఫ్రెండ్లీ ఆడాడు. ఫ్రెండ్లీ కాబట్టి తాళం పడలేదు. 2022 వేసవిలో ఘనా వెళ్లాడు. తొంభై ఏళ్ల తాత, నువ్వు మన దేశానికి ఆడితే చూడాలని ఉందన్నాడట. జూలైలో ఇన్యాకి ఘనావాడయ్యాడు. తమ్ముడు నికో స్పెయిన్‌లోనే ఉన్నాడు. ఆ ఏడాది ప్రపంచకప్‌లో, దోహాలో పోర్చుగల్‌తో ఆట ఆఖరి క్షణాల్లో వాళ్ల గోలీ తన వెనకాల ఎవరూ లేరనుకుని బంతి కింద పెట్టాడు. వెనకే పొంచి ఉన్న ఇన్యాకి చటుక్కున బంతి లాక్కున్నాడు, కాలు జారాడు. స్కోరు 3-2 దగ్గరే ఆగింది. రెండేళ్ల తర్వాత యూరో ఫైనల్లో ఇంగ్లండ్ మీద స్పెయిన్‌కు మొదటి గోలు కొట్టింది నికో. ఆ ఇంట్లో ఏ రోజు ఏ జెర్సీ ఇస్త్రీ చేస్తారో!

ఆ 2022 ప్రపంచకప్‌లో అందరి కళ్లూ పడింది మొరాకో మీద. 26 మందిలో 14 మంది పరాయి దేశాల్లో పుట్టినవాళ్లు. కోచ్ రెగ్రాగీ కూడా ఫ్రాన్స్‌లో పుట్టినవాడే. సమాఖ్య ఆటగాళ్ల కుటుంబాలను వెంట తెచ్చింది. బెల్జియం మీద గెలిచాక అష్రాఫ్ హకీమీ గ్యాలరీ దగ్గరికి పరిగెత్తితే, తలకు గుడ్డ కట్టుకున్న తల్లి వంగి అతని బుగ్గ ముద్దు పెట్టుకుంది. మాడ్రిడ్‌లో ఆమె ఇళ్లు తుడిచేది, తండ్రి వీధిలో సరుకులమ్మేవాడు. పోర్చుగల్ ఆట తర్వాత బూఫాల్ తల్లి చేతులు పట్టుకుని మైదానంలోనే నాట్యమాడాడు. తిరిగి వెళ్లాక రాజుగారు తల్లులను కూడా కొలువుకు పిలిపించాడు.

ఇదంతా తల్లి ప్రేమ అంటే సగమే ఒప్పుకుంటాను. మ్యాచ్ మ్యాచ్‌కూ అమ్మ గ్యాలరీలో కూర్చుని ఉంటే కొడుకు ఆటలో ఎలా తగ్గుతాడు? ఆ కిటుకు సమాఖ్యకు తెలుసు. ఇంకో సగం జట్టులో చోటు లెక్క. ఫ్రాన్స్ సీనియర్ జట్టులో చోటు ఖాయమనుకున్న బెంజెమా, ఎంబాపే అల్జీరియా వైపు రాలేదు. చోటు అనుమానమైన చోటే అమ్మ మాట బాగా వినిపిస్తుంది.

ఈ గాలి మన దాకా కూడా వచ్చింది. 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్ చొక్కాతో దిగిన హమ్జా చౌధురి ఇంగ్లండ్‌లో పుట్టి, లెస్టర్ సిటీ క్లబ్బులో పెరిగి, ఇంగ్లండ్ 21 ఏళ్ల లోపు జట్టుకు ఆడినవాడు. తల్లిది సిల్హెట్ ప్రాంతం. మన జట్టు గోలు కొట్టలేక 0-0తో సరిపెట్టుకుంది. మన నియమం వేరు. భారత పాస్‌పోర్టు ఉంటేనే జట్టులో చోటు, రెండు పాస్‌పోర్టులు ఉంచుకునే వీల్లేదు.

తెలుగు రక్తం ఉన్న ఆటగాడు ప్రపంచకప్‌లో ఆడలేదా అంటే, ఆడాడు. వికాస్ దొరసూ. ఆ ఇంటిపేరు పలుకుతుంటే నా చెవికి దొరసామి అన్నట్టే వినిపిస్తుంది. పూర్వీకులు మన తీరం నుంచి మారిషస్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లు. అతను పుట్టింది 1973లో, ఫ్రాన్స్ ఉత్తర తీరాన హార్‌ఫ్లర్‌లో. ఫిఫా చట్టం తాత దగ్గర ఆగిపోతుంది, కూలీ ఓడలు అంతకు వెనకటివి. 2006 ప్రపంచకప్‌లో జిదాన్ జట్టులో ఉండి రెండు మ్యాచ్‌లకు సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. మిగతా రోజులు బెంచీ మీదే. వెంట ఒక సూపర్ 8 కెమెరా తీసుకెళ్లాడు. హోటల్ గది కిటికీలు, ఖాళీ కారిడార్లు, తన ముఖం తానే తీసుకున్నాడు. ఆ రీళ్లే తర్వాత సినిమాగా వచ్చాయి. పేరు ‘సబ్‌స్టిట్యూట్’.