చిట్టా, ఆవర్జా: ప్రోగ్రాములో వస్తుస్థితి చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పాత కొట్టు లెక్కలలో రెండు రకాల పుస్తకాలు కనిపిస్తాయి. ఏ రోజు జరిగిన ఇచ్చిపుచ్చుకోళ్లను ఆ రోజే వరుసగా రాసుకొనేది చిట్టా. వాటినే మనుషుల వారీగా, పద్దుల వారీగా విడదీసి ఎత్తి రాసేది ఆవర్జా. ఫలానా వారి బాకీ ఎంతో ఆవర్జా చెబుతుంది. ఆ బాకీ ఎలా ఏర్పడిందో చిట్టా చెబుతుంది. ఆవర్జా పోతే చిట్టా నుంచి మళ్లీ తయారు చేసుకోవచ్చు. చిట్టా పోతే మాత్రం ఆవర్జాలోని అంకెకు సాక్ష్యం ఉండదు. కంప్యూటర్ ప్రోగ్రాములలో ఆబ్జెక్టు స్థితిని, ఆ స్థితికి దారితీసిన సంఘటనలను నమోదు చేసే పద్ధతుల చరిత్రను ఈ రెండు పుస్తకాల మధ్య సంబంధంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చెరిపి రాయడం

ఆబ్జెక్టు అనే భావనకు పుట్టినిల్లు ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్. ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ అక్కడ రూపొందించిన సిమ్యులా 67 భాషలో, ఒక వస్తువుకు చెందిన సమాచారమూ దానిపై జరిగే పనులూ ఒకచోట చేరాయి. అయితే ఆ వస్తువుకు వర్తమానమే గాని గతం లేదు. నిల్వ 500 ఉన్నచోట 300 రాస్తే, 500 ఒకప్పుడు ఉండేదన్న జాడ కూడా మిగలదు. ఆనాటి మెమరీ ఖరీదును బట్టి చూస్తే ఇది పొదుపే. కాని జ్ఞాపకం అని అర్థమిచ్చే మెమరీ చేసే ముఖ్యమైన పని మరచిపోవడం కావడం గమనార్హం.

ఈ పద్ధతిని సూటిగా ప్రశ్నించినవారిలో జిమ్ గ్రే ముఖ్యుడు. లావాదేవీ భావనపై 1981లో రాసిన పత్రంలో ఆయన లెక్కల గుమాస్తాల నియమాన్ని గుర్తుచేశాడు: పుస్తకంలో రాసినదాన్ని దిద్దకూడదు, తప్పు దొర్లితే దాన్ని సరిచేసే మరో పద్దు రాయాలి. ఉన్నచోటే చెరిపి రాయడాన్ని ఆయన విషఫలంతో పోల్చి ప్రశ్నించాడు. అప్పటికే డేటాబేసులలో లాగ్ ఉంది. కాని అది యంత్రం ఆగిపోతే కోలుకోవడానికి పెట్టుకున్న మరమ్మతు సామగ్రి. దాన్ని చరిత్రగా చదవాలన్న ఉద్దేశం అందులో తక్కువ.

ప్రోగ్రాము పాఠానికి మాత్రం చరిత్ర త్వరగానే దక్కింది. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ రూపొందించిన ఎస్‌సీసీఎస్, ఫైలులో జరిగిన మార్పులను దాచింది. 2005లో లీనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ ఆ పరంపరలోనిదే. పాఠపరిష్కరణ తెలిసినవారికి ఇది పరిచితమైన సమస్య. అయితే పరిష్కర్త లభించిన ప్రతులను పోల్చి, పాఠాంతరాలను అధోజ్ఞాపికలలో చూపి, జరిగిన మార్పులను వెనక్కి ఊహిస్తాడు. ఇక్కడ మార్పు జరుగుతున్నప్పుడే నమోదవుతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ చరిత్ర పుట ఉండడం ఇటువంటి ఏర్పాటే.

సంఘటనే మూలం

2005లో మార్టిన్ ఫౌలర్ వివరించిన ఈవెంట్ సోర్సింగ్, చిట్టాకు పెద్దపీట వేసింది. ఇందులో నిల్వను నేరుగా మార్చరు. ఖాతా తెరిచారు, 500 జమ చేశారు, 200 తీశారు అన్న సంఘటనలను వరుసగా చేరుస్తారు. వాటిని మొదటినుంచి నడిపిస్తే 300 వస్తుంది. రెండవదాని దగ్గర ఆపితే నాటి స్థితి కనిపిస్తుంది. ప్రతిసారీ మొదటినుంచి నడపడం భారం కనుక మధ్య మధ్య స్థితిని తీసి పెట్టుకుంటారు. పదేళ్ల కిందటి రూపంలో ఉన్న సంఘటనను నేటి ప్రోగ్రాము చదవగలగాలి; పాత లిపి చదవడంలోని చిక్కువంటిదే ఇది.

చిట్టా ఎవరి చేతిలో?

చరిత్రను దాచినంత మాత్రాన న్యాయం జరగదని బ్రిటన్ పోస్టాఫీసు ఉదంతం నిరూపిస్తోంది. 1999 నుంచి శాఖలలో ప్రవేశపెట్టిన హొరైజన్ వ్యవస్థ లెక్కల్లో లోటు చూపడంతో వందలాది సబ్‌పోస్ట్‌మాస్టర్లు దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్ష పొందారు. కొందరు జైలుకు వెళ్లారు. చాలామంది లేని లోటును సొంత డబ్బుతో పూడ్చారు.

హొరైజన్‌లో సంఘటనల నమోదు లేకపోలేదు. శాఖలో జరిగిన లావాదేవీలు వరుసగా దాఖలయ్యేవి, ఆడిట్ కోసం భద్రమయ్యేవి. కాని ఆ పూర్తి నమోదు వ్యవస్థను నడిపిన ఫుజిత్సు దగ్గర ఉండేది. లెక్క అప్పజెప్పవలసిన మనిషికి అది అందుబాటులో లేదు. పైగా ఆ సంస్థ సిబ్బంది దూరం నుంచే, శాఖవారికి తెలియకుండా లావాదేవీలను చేర్చగలరని, మార్చగలరని 2019 డిసెంబరులో జస్టిస్ ఫ్రేజర్ తీర్పు తేల్చింది. అంటే చిట్టాలో మరొకరి చేతిరాత శాఖాధికారి చేతిరాతగా చెలామణి అయ్యే వీలుంది. ప్రోగ్రాము ఏం జరిగిందో నమోదు చేసినంత శ్రద్ధగా ఎవరు చేశారో నమోదు చేయకపోతే చిట్టా కూడా అబద్ధమాడుతుందని నా అభిప్రాయం. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను రద్దు చేసింది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టంతో మరెన్నో శిక్షలను కొట్టివేసింది.

ఇంగ్లాండులో కంప్యూటరు సరిగానే పనిచేసిందని సాక్ష్యం చూపాలన్న నిబంధనను 1999 చట్టం తొలగించింది. దానితో యంత్రం చెప్పినది సరైనదనే భావనతో విచారణ మొదలయ్యేది. తప్పని చూపే బరువు, ఆధారాలు చేతిలో లేని నిందితుడిపై పడింది. మన దేశంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం, ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం కోరుతుంది; అందులో హ్యాష్ విలువ కూడా రాయాలి. కోర్టుకిచ్చిన ప్రతి ఆ తరువాత మారలేదని ఆ విలువ చూపగలదు. అంతకుముందు ఆ రికార్డులో ఏ పద్దు ఎవరి చేత చేరిందో చూపడం దానివల్ల కాదు.