మరమ్మతు నుంచి వారసత్వం దాకా: జపాన్ పాత పెర్ఫార్మెన్స్ కార్ల సొంత మరమ్మతు చరిత్ర (1973–2025)

సారాంశం

జపాన్‌లో 1980, 1990 దశకాల్లో తయారైన పెర్ఫార్మెన్స్ కార్లు కొన్ని నేటికీ నడుస్తున్నాయి. వాటిని నిలబెట్టడంలో కర్మాగారాలకు ఎంత పాత్ర ఉందో, యజమానులకూ చిన్న షెడ్లకూ అంతకు తక్కువ కాని పాత్ర ఉంది. ఈ సొంత మరమ్మతు సంప్రదాయం చట్టం, అంతర్జాతీయ వాణిజ్యం, పరిశ్రమ విధానాల మధ్య ఎలా రూపుదిద్దుకున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మరమ్మతు, మార్పు అనే రెండింటినీ వేర్వేరు పనులుగా చూసే అలవాటు చారిత్రకంగా నిలవదని, ఆ విభజన మీద ఆధారపడిన నేటి ‘వారసత్వ’ భావన వాడుకదారుల చరిత్రను చెరిపివేసే ప్రమాదం ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: జపాన్ మోటారు పరిశ్రమ, షాకెన్, సొంత మరమ్మతు, సాంకేతిక చరిత్ర, వారసత్వం

ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర అనగానే ఆవిష్కర్తలు, పేటెంట్లు, కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. యంత్రం తయారైన తరువాత దశాబ్దాల పాటు దానిని నడిపించినవారి శ్రమకు ఆ చరిత్రలో చోటు తక్కువ. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ గ్రంథం ఈ లోపాన్ని ఎత్తిచూపింది. వాడకం, నిర్వహణ, మరమ్మతుల వైపు నుంచి కూడా సాంకేతిక చరిత్రను రాయవలసి ఉందని వాదించింది. ఆ దృష్టితో పరిశీలించదగిన వస్తువుల్లో జపాన్ పాత పెర్ఫార్మెన్స్ కార్లు ముఖ్యమైనవి.

రోజువారీ ప్రయాణానికి అవసరమైన దానికి మించిన ఇంజన్ శక్తి, మలుపుల్లో పట్టు లక్ష్యంగా రూపొందిన కారును ఇక్కడ పెర్ఫార్మెన్స్ కారు అంటున్నాం. 1983–87 మధ్య వచ్చిన టయోటా ఏఈ86 (కరోలా లెవిన్, స్ప్రింటర్ ట్రూనో), 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్32, 1991లో మొదలైన మజ్దా ఆర్‌ఎక్స్-7 మూడవ తరం ఇందుకు ఉదాహరణలు. పాడైనదానిని పూర్వస్థితికి తేవడం మరమ్మతు, పూర్వస్థితిని దాటించడం మార్పు అని చట్టమూ సేకరణదారులూ గీత గీస్తారు. షెడ్డులో పానా పట్టినవారికి ఆ గీత ఎప్పుడూ అంత స్పష్టంగా లేదు. ఎందుకు లేదన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

1. అనుమానాల నీడలో నేర్చిన పని (1973–1994)

జపాన్‌లో వాహనాల స్థితిని నియంత్రించేది 1951 నాటి రోడ్డు రవాణా వాహనాల చట్టం. దీని ప్రకారం జరిగే నిర్బంధ తనిఖీని ‘షాకెన్’ అంటారు. వాహనం కొలతల్లోనో నిర్మాణంలోనో చెప్పుకోదగ్గ మార్పు చేస్తే మళ్లీ తనిఖీ చేయించుకోవాలి. పదేళ్లు పైబడిన సొంత కార్లను 1990ల మధ్య వరకు ఏటా తనిఖీకి తీసుకువెళ్లవలసి వచ్చేది. పాత కారును ఉంచుకోవడం కంటె కొత్తది కొనడమే సులువనిపించే వ్యవస్థ ఇది.

1973 నాటి చమురు సంక్షోభం, ఆ దశకంలో కఠినతరమైన ఉద్గార నిబంధనలు వేగప్రధానమైన కార్లను దాదాపు కనుమరుగు చేశాయి. స్కైలైన్ జీటీ-ఆర్ రెండవ తరం 1973లో కేవలం 197 కార్లతో ఆగిపోయింది. అదే ఏడాది యమహాలో ఇంజనీరుగా పనిచేసిన హిరోయుకి హసెగావా, ఫుజి పర్వత ప్రాంతంలోని ఒక పాత పశువుల కొట్టంలో హెచ్‌కేఎస్ సంస్థను ప్రారంభించాడు. మరుసటి సంవత్సరమే ఆ సంస్థ సాధారణ కార్లకు అమర్చుకోగల టర్బో కిట్టును తయారుచేసింది. జపాన్ తయారీదారు టర్బోతో కూడిన ప్రయాణికుల కారును మార్కెట్లోకి తెచ్చింది 1979 చివరలో, నిస్సాన్ సెడ్రిక్, గ్లోరియాలతో. అంటే ఈ విషయంలో చిన్న షెడ్డు పెద్ద కర్మాగారం కంటె ముందు నడిచింది.

ఈ పరిజ్ఞానం పాఠశాలల్లో బోధించినది కాదు. 1981లో దైజిరో ఇనాదా ఆధ్వర్యంలో వెలువడిన ‘ఆప్షన్’ మాసపత్రిక, 1983లో మొదలై 1987 నుంచి ‘టోక్యో ఆటో సలోన్’గా పేరు మార్చుకున్న ప్రదర్శన దానికి ప్రధాన వాహికలయ్యాయి. ఇక్కడ ‘ఇల్లు’ అనే మాటకు కొంత వివరణ అవసరం. కారు కొనాలంటే ముందుగా దాన్ని నిలిపే స్థలం చూపాలని 1962 నాటి చట్టం నిర్దేశించింది. నగరాల్లో ఆ స్థలం చాలామందికి నెలవారీ అద్దెకు తీసుకున్న ఇరుకు చోటే. అందువల్ల సొంత మరమ్మతు అన్నది తరచుగా మిత్రుడి షెడ్డులోనో, పరిచయస్తుడైన మెకానిక్ పక్కన నిలబడో సాగిన పని.

దీనికి మరొక ముఖమూ ఉంది. మార్చిన కార్లతో కొండదారుల్లోనూ నగర ఎక్స్‌ప్రెస్ మార్గాల్లోనూ జరిగిన చట్టవిరుద్ధ పందేలు ప్రాణాలు తీశాయి. చప్పుడు మీద ప్రజల ఆగ్రహం సహజమైనదే. అక్రమ మార్పుల నిర్మూలన ఉద్యమాన్ని ప్రభుత్వం 1990లో ప్రారంభించింది. సొంతంగా కారు విప్పేవాడు సమాజం దృష్టిలో అనుమానితుడయ్యాడు.

2. 280 అనే అంకె

1988లో జపాన్ రోడ్డు ప్రమాదాల్లో మృతుల సంఖ్య మళ్లీ 10,000 దాటింది. ఈ నేపథ్యంలో 1989 నుంచి తయారీదారులు ఏ కారు శక్తినీ 280 మెట్రిక్ హార్స్‌పవర్‌కు మించి ప్రకటించరాదని తమలో తాము అంగీకారానికి వచ్చారు. 2004లో హోండా లెజెండ్ 300 హార్స్‌పవర్‌తో వచ్చేదాకా ఈ కట్టుబాటు నిలిచింది. ఇది శాసనం కాదు, పరిశ్రమ తనకు తాను విధించుకున్న నియమం.

ఈ నియమం ఫలితం ఆర్32 జీటీ-ఆర్ ఇంజన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 2,568 సీసీల ఆరు సిలిండర్ల ఆర్‌బీ26డీఈటీటీ ఇంజన్‌ను గ్రూప్ ఏ రేసుల కోసం రూపొందించారు. దాని ఇనుప బ్లాకు రేసుల్లో 500కు పైగా హార్స్‌పవర్‌ను తట్టుకుంది. 1990–93 మధ్య ఆల్ జపాన్ టూరింగ్ కార్ పోటీల్లోని 29 రేసులనూ ఈ కారే గెలిచింది. అదే ఇంజన్ రోడ్డు మీదికి 280 హార్స్‌పవర్‌తో వచ్చింది. టర్బో పీడనాన్ని అదుపుచేసే సన్నని గొట్టంలో కర్మాగారం ఒక చిన్న నిరోధకాన్ని అమర్చింది. దానిని తీసివేస్తే చాలు, పీడనం పెరుగుతుంది. యంత్రం సామర్థ్యానికీ ప్రకటిత శక్తికీ మధ్య మిగిలిన ఈ ఖాళీలోనే ఒక తరం ఔత్సాహికులు పని నేర్చుకున్నారు.

నేర్చుకున్నకొద్దీ యంత్రం బలహీనతలూ బయటపడ్డాయి. ఆ టర్బోలలోని టర్బైన్ చక్రాలు సిరామిక్‌తో చేసినవి. తేలికగా తిరుగుతాయి గాని, పీడనం పెంచితే పగిలిపోతాయి. తొలి ఆర్32లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసన ఆయిల్ పంపును తిప్పే భాగం ఇరుకుగా ఉండేది. ఇంజన్ అత్యధిక వేగంలో తిరిగినప్పుడు పంపు లోపలి గేరు పగిలి, ఆయిల్ అందక బేరింగులు దెబ్బతినేవి. తరువాతి ఇంజన్లలో నిస్సాన్ ఆ భాగాన్ని వెడల్పు చేసింది. పాత ఇంజన్‌ను విప్పినవాడు ఏం చేయాలి? మొదటి కొలతలతోనే బిగిస్తే లోపాన్ని తిరిగి బిగించినట్టే. వెడల్పైన కాలర్ తొడిగి బిగిస్తే అది ‘మార్పు’. అనుభవజ్ఞులందరూ రెండవదానినే ఎంచుకున్నారు. సిరామిక్ చక్రాల స్థానంలో లోహపు చక్రాలు పెట్టడమూ ఇటువంటిదే.

మజ్దా ఆర్‌ఎక్స్-7 మరొక ఉదాహరణ. దాని రోటరీ ఇంజన్‌కు ఒకదాని తరువాత ఒకటి పనిచేసే రెండు టర్బోలు ఉంటాయి. ఏది ఎప్పుడు అందుకోవాలో సన్నని రబ్బరు గొట్టాలు, సోలినాయిడ్ వాల్వుల వల నిర్ణయిస్తుంది. బానెట్ కింది వేడికి ఆ రబ్బరు గట్టిపడి చీలుతుంది. ఒక్క చీలికతో రెండవ టర్బో సరిగా అందుకోదు, చీలిక ఎక్కడో వెదకడానికి రోజులు పడుతుంది. యజమానుల ముందున్న దారులు మూడు: గొట్టాలన్నిటినీ సిలికాన్‌వి వేయడం, రెండు టర్బోలనూ ఎల్లప్పుడూ కలిసి పనిచేసేలా సరళం చేయడం, ఒకే పెద్ద టర్బో పెట్టుకోవడం. ఈ మూడింటిలో ఏదీ కర్మాగారం పంపిన రూపం కాదు. అయినా మూడింటికీ మూలం మరమ్మతు అవసరమే.

ఏఈ86 విషయంలో విడిభాగాల కొరతే మార్పుకు దారితీసింది. దాని 1,587 సీసీల 4ఏ-జీఈ ఇంజన్ అరిగిపోయినప్పుడు, 1991 తరువాతి కరోలాల్లో వచ్చిన 20 వాల్వుల 4ఏ-జీఈని తెచ్చి అమర్చుకున్నవారు అనేకులు. కొత్త ఇంజన్ డిస్ట్రిబ్యూటర్ వెనుక గోడకు తగులుతుంది కాబట్టి దానిని మరోచోటికి మార్చడం, తగిన బ్రాకెట్లు తయారుచేయడం వంటి పనులు షెడ్డులోనే జరిగాయి.

3. 1995: వాణిజ్య వివాదం తెరిచిన తలుపు

సొంత మరమ్మతుకు చట్టబద్ధమైన వెసులుబాటు 1995లో విస్తరించింది. అందులో ఔత్సాహికుల పాత్ర కంటె అమెరికా–జపాన్ వాణిజ్య చర్చల పాత్రే ఎక్కువగా కనిపిస్తుంది. తమ విడిభాగాలకు జపాన్ మార్కెట్లో చోటు లేకపోవడానికి షాకెన్ విధానమే ఒక కారణమని అమెరికా వాదించింది. తనిఖీ నిబంధనలు యజమానులను ధ్రువీకృత గ్యారేజీలకు పంపుతాయి, అవి తయారీదారుల అనుబంధ సంస్థల భాగాలనే వాడతాయి అన్నది ఆ వాదన సారం. 1995 మే నెలలో అమెరికా 13 జపాన్ విలాసవంతమైన కార్ల నమూనాలపై 100 శాతం సుంకం విధిస్తామని హెచ్చరించింది. గడువు తేదీ అయిన జూన్ 28న మిక్కీ కాంటర్, ర్యుతారో హషిమోటో ఒప్పందానికి వచ్చారు. తొలగించి బిగిస్తే ధ్రువీకృత గ్యారేజీ అవసరమయ్యే కీలక భాగాల జాబితా నుంచి షాక్ అబ్జార్బర్లు, స్ట్రట్లు, పవర్ స్టీరింగ్ వంటివి బయటికి వచ్చాయి.

అదే ఏడాది జూలైలో అమలైన చట్టసవరణ వాహన నిర్వహణ బాధ్యత ప్రధానంగా యజమానిదేనని స్పష్టం చేసింది, పాత కార్ల వార్షిక తనిఖీని రెండేళ్లకు పెంచింది. నవంబరులో వచ్చిన ఉత్తర్వు కొన్ని భాగాలను నిర్మాణ మార్పుగా నమోదు చేయనవసరం లేకుండా అమర్చుకోవడానికి వీలు కల్పించింది. కారు పొడవులో 3 సెంటీమీటర్లు, వెడల్పులో 2, ఎత్తులో 4 సెంటీమీటర్లు, బరువులో 50 కిలోల వరకు తేడా అనుమతమైంది. నేలకూ కారు అడుగుకూ మధ్య 9 సెంటీమీటర్ల ఎడం ఉండాలన్న నియమం ఔత్సాహికులందరికీ కంఠస్థమైంది.

ఈ స్వేచ్ఛ హద్దుల్లేనిది కాదు. భద్రతా ప్రమాణాలకు విరుద్ధమైన మార్పులకు ఆరు నెలల వరకు జైలు లేదా 3 లక్షల యెన్ల వరకు జరిమానా విధించే సవరణ 2003లో అమలులోకి వచ్చింది. ఈ రెండు సవరణలనూ కలిపి చూస్తే రాజ్యం వైఖరి అర్థమవుతుంది. మార్పునంతటినీ అనుమానించే స్థితి నుంచి, ఏ మార్పు ప్రమాదకరమో కొలిచి చెప్పే స్థితికి అది వచ్చింది. కొలవగలిగినది కాబట్టి తనిఖీ కేంద్రానికి కారును తానే తీసుకువెళ్లే యజమాని కూడా ఆ భాషను నేర్చుకోగలిగాడు.

4. పన్ను, విదేశీ కొనుగోలుదారు, తిరిగి వచ్చిన కర్మాగారం

చట్టం సడలినా కాలం సడలలేదు. మొదటి నమోదు నుంచి 13 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లపై జపాన్ సుమారు 15 శాతం అధిక వార్షిక పన్ను వసూలు చేస్తుంది. మరోవైపు అమెరికా 1988 నాటి దిగుమతి చట్టం ప్రకారం 25 ఏళ్లు నిండిన కార్లు ఆ దేశ భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు పొందుతాయి. ఆర్32కు ఆ అర్హత 2014లో మొదలైంది. సొంత దేశంలో వయస్సు భారమైన కారుకు పరదేశంలో వయస్సే ప్రవేశపత్రమైంది. ధరలు పెరిగాయి, కార్లు ఓడలెక్కాయి.

ఈ దశలోనే కర్మాగారాలు పాత కార్ల వైపు మళ్లీ చూశాయి. హోండా తన ఎన్‌ఎస్‌ఎక్స్ కార్ల పునరుద్ధరణ సేవను 1993లోనే ప్రారంభించింది గాని అది అరుదైన ఉదాహరణ. 2017లో నిస్సాన్ అనుబంధ సంస్థ నిస్మో, ఆర్32 భాగాలను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. మజ్దా తొలితరం రోడ్‌స్టర్ పునరుద్ధరణను అదే సంవత్సరం ప్రకటించింది. టయోటా 2020లో సుప్రా భాగాలను, 2021లో ఏఈ86 స్టీరింగ్ నకిల్ ఆర్ములను, వెనుక బ్రేకు కాలిపర్లను, 2025 జనవరిలో 4ఏ-జీఈ సిలిండర్ హెడ్డు, బ్లాకుల పునరుత్పత్తిని ప్రకటించింది. ఏ భాగానికి గిరాకీ ఉన్నదో నిర్ణయించింది దశాబ్దాల పాటు ఆ కార్లను విప్పి బిగించినవారే. వారు నిలబెట్టని పక్షంలో ఆ భాగాలు బిగించడానికి కార్లే మిగిలేవి కావు.

ఇక్కడే ఒక వైరుధ్యం తలెత్తింది. ధర పెరిగిన కొద్దీ సేకరణదారులు ‘కర్మాగారం నుంచి వచ్చినట్టే’ ఉన్న కార్లను కోరసాగారు. పునరుద్ధరణ సేవల ఆదర్శమూ తొలి రూపమే. ఫలితంగా ముప్పై ఏళ్ల వాడకంలో చేరిన భాగాలను తీసివేసి, కార్లను మొదటి స్థితికి మళ్లించడం లాభసాటి పని అయింది. ఆ భాగాలతో పాటు అవి ఎందుకు చేరాయన్న సమాచారమూ పోతున్నది. విశేషమేమంటే 2023 టోక్యో ఆటో సలోన్‌లో టయోటాయే రెండు ఏఈ86 కార్లను హైడ్రోజన్‌తోనూ, బ్యాటరీతోనూ నడిచేలా మార్చి ప్రదర్శించింది. మార్పే పాత కారును బతికిస్తుందన్న షెడ్డు సూత్రాన్ని తయారీదారే అంగీకరించినట్టయింది.

ముగింపు

తొలి రూపంలో భద్రంగా ఉన్న కారు కర్మాగారం ఉద్దేశాన్ని చెబుతుంది. చేతులు మారి, భాగాలు మారి నడుస్తున్న కారు ఆ ఉద్దేశం ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ విఫలమైందో చెబుతుంది. ఆర్‌బీ26 క్రాంక్‌షాఫ్ట్ మీది వెడల్పు కాలర్, ఆర్‌ఎక్స్-7లోని సిలికాన్ గొట్టాలు, ఏఈ86లో ఒదిగిన 20 వాల్వుల ఇంజన్ ఒక విధంగా చారిత్రక పత్రాలే. లోపాన్ని గుర్తించినవారి పేర్లు వాటి మీద ఉండవు, గుర్తింపు మాత్రం లోహంలో నిలిచి ఉంటుంది. కాబట్టి వారసత్వ సంరక్షణ తొలి రూపాన్ని మాత్రమే ప్రమాణంగా తీసుకోవడం సరిపోదు. ఏ భాగం ఎప్పుడు, ఏ కారణంగా మారిందో నమోదు చేసే పద్ధతి అందులో భాగం కావాలి. ఆ పని చేయగల తరం వృద్ధాప్యంలోకి అడుగుపెడుతున్నందున, విడిభాగాల పునరుత్పత్తి కంటె ఆ అనుభవజ్ఞానాన్ని నమోదు చేయడమే ముందుగా జరగవలసిన పని.